అమ్మ ప్రమాణం

“మీ అమ్మ బతికే ఉందా?”

కౌంటరు అద్దం వెనక నుంచి మిస్ నోల్స్ అడిగిన ప్రశ్నకి కెర్వెన్స్ బిత్తరపోయాడు. బహామాస్ పౌరసత్వం కోసం ఇంటర్వ్యూ ఇచ్చి రెండేళ్లు దాటింది. ఆనాటి నుంచీ ఈ ఆఫీసు మెట్లు అరిగేలా తిరుగుతున్నాడు. ‘ఫైలు పైన ఉంది’, ‘వచ్చే నెల రా’, ‘సంతకం పెట్టేవారు ఊళ్లో లేరు’ అన్న మాటలు తప్ప ఇంకోటి వినలేదు. ఇదే కొత్త మాట.

“నిక్షేపంలా ఉంది మేడమ్. ఏం?”

“ఆవిడ ఒకసారి రావాలి. నువ్వు ఆసుపత్రిలో పుట్టలేదు. ఇంట్లో పుట్టావని మంత్రసాని రాసిచ్చింది. ఆ మంత్రసాని పోయింది. పిల్లాణ్ని ఈ నస్సావ్‌లోనే కన్నానని మీ అమ్మ బైబిలు మీద చెయ్యేసి చెబితే చాలు. నీ పని ఆగింది అక్కడే.”

“ఈ ముక్క రెండేళ్ల కిందట చెప్పొచ్చుగా!”

“నువ్వు అడిగావా?” అని ఆవిడ పక్కకి తిరిగి జానీకేక్ రొట్టె కొరుక్కుంది.

ఇంకోరోజైతే కెర్వెన్స్‌కి ఒళ్లు మండేది. ఇవాళ మాత్రం కాళ్లు నేల మీద నిలవలేదు. ఈ గడ్డ మీద పుట్టినా, కన్నవాళ్లు హైతీవాళ్లయితే పద్దెనిమిదేళ్లు నిండాక పౌరసత్వం అడుక్కోవాల్సిందే. అది చేతికొస్తే ఏసీలు బాగుచేసే కంపెనీలో పక్కా ఉద్యోగం ఇస్తామన్నారు. అంతకంటే ముఖ్యం, కాగితాల్లేనివాళ్లని పట్టుకుపోయే తనిఖీ బస్సు కనబడినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సందుల్లోకి పరిగెత్తే బాధ తప్పుతుంది. సొంత ఊళ్లో దొంగలా బతకడం అతనికి విసుగెత్తిపోయింది.

ఇంటికెళ్లేసరికి తల్లి ఒడెట్ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సంగతి విని చెయ్యి ఆపేసింది.

“నేను ప్రమాణాలు చెయ్యను నాన్నా. మా చర్చిలో ఒప్పుకోరు. ఆకాశం తోడు అని కూడా అనకూడదన్నాడు ప్రభువు.”

“ఒక్క ముక్కే అమ్మా! అబద్ధం చెప్పమంటున్నారా ఏంటి?”

“కొన్నాళ్లు ఓపిక పట్టరా. వాళ్లే ఇస్తారు.”

“ఈలోగా నన్ను పట్టుకుపోయి హైతీలో పడేస్తే? నేను ఆ దేశం మొహం కూడా చూడలేదు. కడుపుతో పడవెక్కింది నువ్వు, నేను కాదు!”

ఆవిడ మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. కెర్వెన్స్ తీరే అంత. తల్లి తమ హైతీ క్రియోల్ భాషలో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చే కొడుకు. కొత్తగా వచ్చిన హైతీ కుర్రాళ్లు వీధిలో ఎదురైతే మూతి తిప్పుకుంటాడు. ‘మీరిలా వచ్చి పడుతుంటేనే మా పనులు ఆగిపోతున్నాయి’ అని మొహాన్నే అనేస్తాడు.

తల్లి మొండికేసిందని ఆదివారం ఆవిడ చర్చి పాస్టర్ సలోమోన్‌ని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన మంచివాడు. చల్లగా నచ్చజెప్పాడు.

“నిజం చెప్పడానికి చేసే ప్రమాణం పాపం కాదు సోదరీ. దేవుడి ముందు నిజం పలకడానికి భయం దేనికి?”

“అన్నం మాడుతోంది” అంటూ ఒడెట్ లోపలికి వెళ్లింది. ఆయన లేచి వెళ్లేదాకా బయటికి రాలేదు. తల్లికి కొడుకు కంటే పట్టింపే ఎక్కువైందని కెర్వెన్స్ మనసు విరిగిపోయింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరి కంచం వారిది.

ఆ మరుసటి వారం పని చేసేచోట తనిఖీవాళ్లు పడ్డారు. ఇంటర్వ్యూ రసీదు చూపించినా వినలేదు. మిగతావాళ్లతో పాటు బస్సెక్కించి ఎండలో కూర్చోబెట్టారు. యజమాని వచ్చి బతిమాలితే గానీ దింపలేదు. కెర్వెన్స్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఇక నా వల్ల కాదమ్మా. నీకు నీ చర్చి కావాలో నేను కావాలో తేల్చుకో. రేపు నాతో రాకపోతే నీకు కొడుకు లేడనుకో.”

ఒడెట్ తలగుడ్డ లాగి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతనికి జాలేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పొద్దున్నే ఆవిడ చర్చికి వేసుకునే తెల్లగౌను వేసుకుంది. బస్సులో కొడుకు చెయ్యి వదల్లేదు.

“ఇంకోసారి ఆలోచించుకో నాన్నా. నిదానించినవాడు చెడిపోడు.”

“నిదానించి నిదానించి ముసలాణ్ని అవుతున్నా.”

“రేపు నీకు ఎంత కోపమొచ్చినా నన్ను తిట్టు గానీ, వదిలెయ్యకు.”

“నీ పిచ్చి గానీ, కోపం దేనికే అమ్మా? పని కాగానే నీకు వేయించిన చేప కొనిపెడతా, చూడు.”

ఆఫీసులో మిస్ నోల్స్ వాళ్లని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ ఇంకో అధికారి కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ బైబిలు తెచ్చి ఒడెట్ ముందు పెట్టింది.

“కంగారు పడకండమ్మా. చెయ్యి ఇలా పెట్టండి. ఈ అబ్బాయిని నస్సావ్‌లో ఏ పేటలో, ఎవరింట్లో కన్నారో చెప్పండి, చాలు.”

ఒడెట్ చెయ్యి పెట్టింది. కెర్వెన్స్ ఆవిడ భుజం తట్టాడు. “చెప్పమ్మా, నిజం చెప్పడానికేం భయం?” అన్నాడు నవ్వుతూ. ఆవిడ కొడుకు మొహంలోకి ఒక్కసారి చూసి కళ్లు మూసుకుంది.

“పడవ దిగేనాటికే వీడికి పళ్లొచ్చాయమ్మా.”