కోటేశ్వరమ్మ కేసు షీటు

మొదటి దెబ్బకి కౌంటరు అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బ కంప్యూటరు మీద పడింది.

"మా అమ్మని చంపేశార్రా! కోటేశ్వరమ్మని పొట్టన పెట్టుకున్నార్రా!"

నలుగురు మనుషులు కర్రలతో ఆసుపత్రిలోకి దూసుకొచ్చారు. ఒకడి చేతిలో పెట్రోలు సీసా. ఇంకొకడి చేతిలో కారం పొట్లం. ఒంగోలులో ఆడవాళ్ళ క్యాన్సర్లకి పేరుపడ్డ ఆసుపత్రి అది. నిన్నగాక మొన్న ఆపరేషన్లయిన వాళ్ళు కుట్లు పట్టుకుని వార్డుల్లోంచి పరుగెత్తారు. టీకి వెళ్ళిన వాచ్‌మన్ జాడే లేదు.

కోటేశ్వరమ్మది కనిగిరి. గర్భసంచిలో క్యాన్సరుందని ఇక్కడే పెద్దాపరేషను చేశారు. మూడోనాడు ప్రాణం పోయింది. బీమా పథకం కింద ఆసుపత్రి బిల్లు పెట్టుకుంది. ఈలోగా, ఆవిడకి అసలు క్యాన్సరే లేదని ఎవరో ఫిర్యాదు పెట్టారు. రేపు బీమావాళ్ళు తనిఖీకి వస్తున్నారు. తీసేసిన గర్భసంచి ఫొటో, ముక్క పరీక్ష రిపోర్టు, అన్నీ కేసు షీటులో ఉండాలి. లేకపోతే ఆసుపత్రి మెడకే చుట్టుకుంటుంది.

ఆ కేసు షీటు అమూల్య చేతిలో ఉంది.

అమూల్య మేడ మీద రికార్డు రూములో గుమస్తా. హైదరాబాదులో ఇలాంటి పనే చేసేదట. ఇక్కడ చేరి పట్టుమని పది రోజులు కాలేదు. తెలివున్న పిల్లయితే ఫైలు అక్కడ పడేసి తన దారి తను చూసుకోవాలి. అబ్బే! తలుపు గడియ పెట్టి, బీరువాకి వీపు ఆనించి నిలబడింది.

ఆ తలుపు ఎంతసేపు ఆగుతుంది? రెండు తన్నులకి ఊడి లోపల పడింది.

"ఆ ఫైలు ఇటియ్యవే!"

"ఇవ్వను."

"మా అమ్మ కాగితాలవి. మధ్యలో నీ బోడి పెత్తనమేంటే?"

"ఇవ్వనన్నానుగా!"

కారం తీసి కళ్ళల్లో కొట్టారు. అమూల్య పెట్టిన కేకకి కింద అంతస్తులో నర్సులు చెవులు మూసుకున్నారు. అయినా ఫైలు వదల్లేదు. జుట్టు పట్టుకుని ఈడ్చారు. భుజం మీద కర్ర విరిగింది. బోర్లా పడిపోయి, ఫైలుని పొట్ట కింద అదుముకుంది. ఒకడు నడుం మీద ఎగిరి తన్నాడు. ఇంకొకడు మొహం మీద తన్నాడు. గచ్చు మీద నెత్తురు, రెండు పళ్ళు.

"ఇచ్చెయ్యి అమూల్యా!" గుమ్మం అవతల నుంచి నర్సు జమీలా ఏడుస్తూ అరిచింది. "చచ్చిపోతావే! ఈ ఆసుపత్రేమన్నా నీ అబ్బ సొత్తా?"

ఆమె కదల్లేదు. అంత విశ్వాసం ఏ యజమానికి దక్కుతుంది?

వాళ్ళకి విసుగొచ్చింది. బీరువాల మీద పెట్రోలు కుమ్మరించి అగ్గిపుల్ల గీసి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. జమీలా ముక్కుకి గుడ్డ కట్టుకుని పొగలోకి దూరి, అమూల్యని కాళ్ళు పట్టి బయటికి లాగింది.

మంటలు ఆరాక ఎస్సై అక్బర్ వచ్చాడు. ఆసుపత్రి డైరెక్టరు శశిభూషణ్ తన గదిలోంచి బయటికొచ్చాడు. రికార్డు రూము పక్కనే ఆ గది. తలుపుకి గీత కూడా పడలేదు.

"కేసు కట్టమంటారా డాక్టరుగారూ?"

"వద్దండీ. తల్లిని పోగొట్టుకున్న బిడ్డలు, వాళ్ళ కడుపుమంట వాళ్ళది. కోటేశ్వరమ్మ కాగితాలు ఈ గొడవలో కాలిపోయాయని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. రేపు తనిఖీవాళ్ళకి చూపించుకుంటాం."

ఎస్సై తలూపాడు. కానీ స్ట్రెచర్ మీదున్న పిల్లని చూసి ఆగాడు. దగ్గరికెళ్ళి వంగాడు.

"ఇంత ఘోరంగా కొట్టారేంటమ్మా! ఆవిడ కొడుకుల్ని మళ్ళీ చూస్తే గుర్తుపడతావా?"

అమూల్య నోట్లో నెత్తురు ఉమ్మేసింది. చున్నీ కింద నుంచి కేసు షీటు తీసి ఎస్సై చేతిలో పెట్టింది.

"కోటేశ్వరమ్మకి కొడుకుల్లేరు సార్, ఉన్నది నేనొక్కదాన్నే."