టిఫిన్ డబ్బా అంత మిషన్

“అతుకు ఊడితే మనుషులు పడ్తరు. మనుషులు పడితే పోలీసోళ్లు ఎవరింటికి వస్తరు? మనింటికే.”

చందానగర్ మార్కెట్‌లో వెల్డింగ్ సామాన్ల దుకాణం మెట్టు ఎక్కకముందే సీతాబాయి కూతురితో అన్న మాట ఇది. రోహిణి నవ్వి మెట్టు ఎక్కింది. వెల్డింగ్ నేర్చుకున్నాక ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పని ఇది. గోపన్‌పల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు మెట్లకు మందపాటి ఇనుప పలకలు అతకాలి. లిఫ్ట్ ఇంకా పెట్టలేదు, మిషన్‌ను భుజాన మోసుకుపోవాలి. ఈ పూట మిషన్ కొనకపోతే రేపు ఆ పని ఇంకొకరికి పోతుంది.

దుకాణదారు శ్రీను రెండు మిషన్లు చూపించాడు. చక్రాల ఇనుప బండి మీద కూర్చున్న పెద్దది ఒకటి. భుజానికి పట్టీ ఉన్న టిఫిన్ డబ్బా అంతది ఇంకొకటి.

“పెద్దదే తీస్కో అక్కా. ఏనుగు లెక్క పనిచేస్తది,” అన్నాడు సీతాబాయితో.

“ఏనుగును నాలుగంతస్తులు ఎవరు మోస్తరన్నా, నువ్వొస్తవా?” అంది రోహిణి. “ఆ చిన్నది చెప్పు. పది మిల్లీమీటర్ల పలక అతుకుతదా?”

“అతుకుతది.”

“అందరూ గట్లనే అంటరు,” సీతాబాయి అందుకుంది. “మాకు కుక్కర్ అమ్మినోడు గూడ పేలదనే అన్నడు.”

“పేలిందా అక్కా?”

“ఇంకా లేదు.”

శ్రీను లోపలికి పోయాడు. రెండు పలక ముక్కలు తెచ్చాడు. బల్ల మీద జాగా లేక వాటిని పెద్ద మిషన్ బండి అంచు మీదే పక్కపక్కన సర్ది, చిన్న మిషన్‌కు కరెంటు ఇచ్చాడు. “అతికి చూడు చెల్లే.”

రోహిణి మాస్క్ దించుకుంది. నీలం వెలుగు దుకాణమంతా కొట్టింది. ఎదుటి చాయ్ బండి దగ్గరి వాళ్లు కప్పులతో సహా వచ్చి నిలబడ్డారు. సీతాబాయి మాత్రం కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని, వీధి వైపు తిరిగి, అక్కడి నుంచే పని చేయించింది.

“కరెంటు జర ఎక్కువ పెట్టు.”

“చాలమ్మా.”

“దాని మీద మనుషులు నడుస్తరే. పెట్టు.”

పెట్టింది. రవ్వలు గుమ్మం దాకా ఎగిరాయి.

“ఇంకో వరస పొయ్యి.”

“అమ్మా, ఇది అతుకు. అట్టు కాదు.”

“పొయ్యవే.”

పోసింది. ఊపు ఆగక ఇంకొకటి కూడా పోసి మాస్క్ ఎత్తింది. ముఖమంతా చెమట, కళ్లలో మెరుపు. “చూడన్నా, ఎట్ల దిగిందో.”

శ్రీను పైన కట్టిన పెచ్చు రాలగొట్టి, సుత్తితో బలంకొద్దీ బాదాడు. అతుకు చెదరలేదు. చాయ్ వాళ్లు ఈల వేశారు.

“సుత్తి సంగతి నాకొద్దు,” అంది సీతాబాయి. “ఆ ముక్క తెచ్చి నా చేతిల పెట్టు. నేను చూస్త.”

శ్రీను తోలు గ్లౌజులు తొడుక్కుని ముక్కను పట్టుకున్నాడు. లాగాడు. కిందికి వంగి చూశాడు. మళ్లీ లాగాడు. చాయ్ వాళ్లు మెడలు చాచి చూశారు.

“ఊడిందా?” సీతాబాయి ఇంకా వీధి వైపే చూస్తోంది.

శ్రీను ఇంకోసారి లాగాడు.

“నేను చెప్తనే ఉన్న. ఊడింది గదా? రోహిణీ, పా ఇంటికి. పని పోతే పోయింది, పానం ఉంటే చాలు.”

రోహిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద ఒక బస్సు పోయింది. దాని వెనుకే ఇంకొకటి పోయింది. శ్రీను గ్లౌజులు విప్పి, నింపాదిగా నుదురు తుడుచుకున్నాడు.

“చిన్నదే తీస్కపో అక్కా,” అన్నాడు చివరికి. “ఊడలేదు. నా పెద్ద మిషన్ బండికే అతుక్కపోయింది.”