వైరు పీకాక వచ్చిన జవాబు

హుబ్బళ్ళిలో మా ఇంటర్నెట్ ఆఫీసులో ఆ రాత్రి నేనొక్కదాన్నే ఉన్నాను. ఊళ్ళోవాళ్ళు ఏ వెబ్‌సైటు పేరు కొట్టినా, దాని చిరునామా కనుక్కుని చెప్పే సర్వరు మా దగ్గరే ఉంటుంది. అది తప్పు చెబితే జనం దొంగ గుమ్మంలోకి వెళ్ళి, బ్యాంకే అనుకుని పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు.

ఆ రాత్రి జవాబులు మరీ తొందరగా వస్తున్నాయి. అనుమానమొచ్చి, లోకంలో లేని పేరొకటి అల్లి అడిగాను. అలాంటిది లేదని రావాలి. చిరునామా వచ్చింది.

బయటినుంచి వచ్చే వైరు పీకేశాను. ఆఫీసు మొత్తానికి ఆ ఒక్క వైరే దిక్కు. ఇంకో పేరు అల్లి అడిగాను. దానికీ చిరునామా వచ్చింది. ఫ్యాన్ల హోరు తప్ప గదిలో చప్పుడు లేదు.

బల్ల మీది ఫోను తీసి మా ఆఫీసు పెద్దాయన ఈరణ్ణకి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"అణ్ణా, మన సర్వరు బదులు ఇంకెవరో జవాబులిస్తున్నారు. వైరు పీకేశాను."

"దయ్యాలకి మన సర్వరే దొరికిందా? వైరు పెట్టెయ్ చెల్లీ."

ఈరణ్ణ ఫోనెత్తితే ముందు "భోజనమైందా" అంటాడు. ఇల్లు తగలబడుతోందన్నా ఆ మాటే ముందు. మా ఊరివాళ్ళంతా అంతే.

"నేను తిన్నానో లేదో అడగలేదేం?" అన్నాను.



"భోజనమైందా?" అంది ఆ గొంతు. అచ్చం ఈరణ్ణ గొంతే.

హమ్మయ్య అనుకోబోయి, ఫోను వెనకున్న తీగ చూశాను. కంపెనీ పిసినారితనం వల్ల ఆ ఫోను కూడా నేను పీకిన వైరు మీదే పనిచేస్తుంది.

వైరు ఇంకా నా ఎడమ చేతిలోనే ఉంది.