బేబీ ఆఫ్ పూర్ణిమ

"మార్చేశావు! డిష్‌లు తారుమారు చేసేశావు కౌశల్! కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

స్నిగ్ధ కేకకి ల్యాబ్ ఫ్రిజ్ దగ్గరున్న కౌశల్ ఉలిక్కిపడ్డాడు. "నేనేం మార్చాను?"

"తెర మీద నువ్వే చూడు. పాప కణాలు బ్రహ్మాండంగా తాగాయట. తల్లి కణాలు చుక్క ముట్టలేదట. ఇదేం విడ్డూరం!"

సంగతేమిటంటే, నాచారంలో ఉండే పూర్ణిమకి పుట్టిన పాప రక్తంలో కార్నిటిన్ అనే పోషకం బొత్తిగా తక్కువ ఉంది. గుండె కొవ్వును మండించుకుని కొట్టుకోవాలంటే అది కావాలి. కణంలోకి అది రావడానికి కణం పొరలో ఓ చిన్న తలుపుంటుంది. ఆ తలుపు పుట్టుకతోనే పాడైతే, ఒంట్లో ఎంత కొవ్వున్నా గుండెకు పస్తే. ఉన్నట్టుండి ఆగిపోనూవచ్చు. అందుకే చర్మం ముక్క తీసి, చిన్న మూత డిష్‌లలో కణాలు పెంచి, కార్నిటిన్ పోసి ఎంత తాగుతాయో చూస్తారు. పిల్లతోపాటు తల్లి చర్మమూ తీయడం ఈ ల్యాబ్‌లో ఆనవాయితీ. సంగతి తేలేదాకా పాపకి పట్టమని డాక్టరమ్మ కార్నిటిన్ సిరప్ రాసింది.

ఇక డిష్‌ల మీద రాతలు చూడండి. ఒకదాని మీద 'పూర్ణిమ'. రెండోదాని మీద 'బేబీ ఆఫ్ పూర్ణిమ'. మన ఆస్పత్రుల్లో పిల్లలందరికీ మొదటి పేరు అదే కదా! ఐసు మీద పెట్టి కడిగేసరికి మార్కర్ రాతలు అలుక్కుపోయాయి. కౌశల్ మళ్లీ రాశాడు.

"నిజం చెప్పు. చూసే రాశావా?"

"చూసే రాశాననుకుంటున్నా..."

"అనుకుంటున్నావా! దేవుడా! ఈ రిపోర్టు ఇలాగే వెళితే పాపకి సిరప్ ఆపేస్తారు. ఆ పసిదాని గుండె ఆగితే నీకు నిద్ర పడుతుందా?"

కౌశల్ జేబులోని మార్కర్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

స్నిగ్ధ బయటికొచ్చేసరికి వరండాలో పూర్ణిమ గోడకానుకుని ఆయాసపడుతోంది. పాపేమో పూర్ణిమ అత్తగారు మైసమ్మ చంకలో ఉంది. లిఫ్టు పనిచెయ్యట్లేదు.

"గీమె సంగతి సూడు మేడం," అంది మైసమ్మ. "పిల్లను నేనెత్తుకొని మెట్లెక్కిన. ఈమేమో నడుమ నడుమ కూసునుడే! ఉప్పల్ మెట్రో కాడ గూడ గంతే. గీ కాలం పోరీలకు బలమేడిది? మస్తు సుకుమారం!"

"రాత్రంత పిల్ల ఏడ్సుడే అత్తమ్మా, నిద్ర లేదు," పూర్ణిమ నవ్వబోయి స్నిగ్ధ మొహం చూసి ఆగిపోయింది. "రిపోర్టొచ్చిందా మేడం? ఏమన్న ఖరాబున్నదా? జర నిజం జెప్పున్రి."

"మళ్లీ ఒకసారి చూడాలి. సాయంత్రమవుతుంది. కూర్చోండి."

స్నిగ్ధ కణాలు పెంచే ఇంక్యుబేటర్‌లోంచి, రాతలు చెరగని మిగిలిన డిష్‌లు తీసింది. పాపవాటికి ఎర్ర టేపు, తల్లివాటికి నీలం టేపు తనే చుట్టింది, మూతకీ అడుగుకీ కూడా. కౌశల్‌ని ముట్టుకోనిస్తే ఒట్టు. వాడు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. తలుపు చప్పుడైన ప్రతిసారీ బయట పూర్ణిమ లేచి నిలబడుతోంది, మళ్లీ కూలబడుతోంది.

చివరికి తెర మీద అంకెలు వచ్చాయి. స్నిగ్ధ ఎర్ర టేపు, నీలం టేపు పక్కన పెట్టుకుని వాటిని రెండుసార్లు సరిచూసుకుంది.

"సారీ కౌశల్," అంది. ఫోన్ తీసి డాక్టరమ్మతో గొంతు తగ్గించి మాట్లాడింది. తర్వాత వరండాలోకి వెళ్లింది.

"పాపకి ఏ జబ్బూ లేదు."

పూర్ణిమ భోరుమంది. పాప పాదాలు కళ్లకద్దుకుంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "మరి పుట్టంగనే నెత్తుట్ల తక్కువున్నదన్నరు గద మేడం?" అనడిగింది.

"కడుపులో ఉన్నన్నాళ్లూ దానికి నీ నుంచి అందలేదమ్మా, అందుకని. దాని తలుపులు మాత్రం శుభ్రంగా తెరుచుకునే ఉన్నాయి."

మైసమ్మకి ఈ తలుపుల గొడవ పట్టలేదు. మనవరాలిని ముద్దులతో ముంచేసింది. సంచిలోంచి సిరప్ సీసా లాగింది. "పీడ వాయె! ఇగ దీంతోని పనేంది?" అంటూ చెత్తబుట్టలోకి విసరబోయింది.

స్నిగ్ధ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"పారెయ్యకండి పెద్దమ్మా. ఇకనుంచి ఆ మందు తాగాల్సింది మీ కోడలు."