ఏ చెట్టు కింద

జయమణీ, కొండ మీది అమ్మవారి మహిమ గురించి నిన్న భజనలో నువ్వు చెబుతుంటే విన్నాను. నీకు నేను సగమే చెప్పాను. అందుకే మిగతాది రాస్తున్నాను.

దేశానికి మెర్దేకా వచ్చి తెల్లవాళ్లు వెళ్లడానికి ఐదేళ్ల ముందు మీ నాన్నా నేనూ కామెరాన్ కొండల్లో ఓక్ అడవి చూడబోయాం. అడవిలో ఉండి పోరాడే కమ్యూనిస్టులకు తిండి చేరుతుందని, సర్కారువాళ్లు అక్కడి ఊళ్లకు ముళ్లకంచె వేసి, పిడికెడన్నం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు.

“కొంగులో ఏటది?” అన్నారు మీ నాన్న.

“వనదేవతకి పసుపన్నం.”

“జైల్లో పెడతార్లా. పారెయ్యి.”

ఆలోపే గేటు దగ్గరి సిపాయి కొంగు విప్పించాడు. నైవేద్యమని చెప్పాను. కోప్పడలేదు. “ఏ చెట్టు కింద పెడతారమ్మా?” అని మలాయిలో మెల్లగా అడిగాడు. వాగు పక్కనున్న పెద్ద ఓక్ చెట్టని చెప్పాను. నవ్వి వదిలేశాడు.

“అమ్మే అతని మనసు మార్చినాది,” అన్నాను.

మర్నాడు తిరిగి వస్తుంటే ఆ చెట్టు కింద ఒక చీనా పిల్లను చాపలో చుడుతున్నారు. నీ వయసే ఉంటుంది. పిడికిట్లో పసుపన్నం. నేను వెళ్లిన దగ్గర్నుంచి సిపాయిలు అక్కడే పొంచి ఉన్నారట.

ముందురోజు గేటు దగ్గరున్న సిపాయి నన్ను గుర్తుపట్టి కృతజ్ఞతలు చెప్పాడు.

ఈ కాగితం దాచు తల్లీ. ఎవరికీ చూపకు.