కట్టయ్య సలహా

సదానందం ఆటోలోంచి పాత పడవ ఇంజన్‌ను దింపుతుండగానే కట్టయ్యకు ఒళ్లు మండింది. వరంగల్ మొత్తంలో ఇంకెక్కడా చోటు లేనట్టు ఈ మనిషి ఇక్కడికే రావాలా అనుకున్నాడు. నిజానికి ఇంకో చోటు లేదు. పడవ ఇంజన్లు అమ్మేదీ, విప్పేదీ కొత్తవాడలోని ఆ ఒక్క షెడ్డులోనే. యజమాని రమాకాంత్ అమ్ముతాడు. మెకానిక్ కట్టయ్య విప్పుతాడు.

ఇద్దరిదీ ఒకే చెరువు. కట్టయ్యది తూర్పు ఒడ్డు, సదానందంది పడమటి ఒడ్డు. ఆ రెండు ఊళ్లకూ ఏనాడూ పడలేదు. తూర్పు వాళ్లు వల వేసిన రోజు పడమటి వాళ్లు పడవ విప్పరు. ఒక ఒడ్డున మంచిదన్న వల రెండో ఒడ్డున ఎవరూ కొనరు. ఇక ఈ ఇద్దరి సంగతి సరేసరి. ఆరేళ్లుగా పెళ్లిలో ఎదురుపడినా, చావులో ఎదురుపడినా మొహం తిప్పుకుని పోతారు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సదానందం కట్టయ్యను చూడనట్టే నటిస్తూ రమాకాంత్‌తో తన బాధ చెప్పుకున్నాడు. ఇంజన్ నడి చెరువులో ఆగిపోయిందట. ఇక బాగయ్యే ఆశ లేదట. కొత్తది కావాలి. పడవ మాత్రం ఇరవై ఏళ్ల నాటిదే.

రమాకాంత్ రెండు చూపించాడు. ఒకటి ఎనిమిది హార్సులది, పాతదానంత బరువే. ఇంకోటి పదిహేను హార్సులది, దాదాపు రెట్టింపు బరువు. ఇంతలో ఫోనొచ్చింది. ఏది సరిపోతుందో చెప్పమని కట్టయ్యకు పురమాయించి ఆయన బయటికి వెళ్లాడు.

కట్టయ్య కొత్తవాటి వంక చూడనైనా చూడలేదు. పాత ఇంజన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంజన్‌ను పడవ వెనక చెక్కకు బిగించే మరల్లో చెక్క తునకలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకి, రెండు వేళ్ల మధ్య నలిపాడు. తడి పిండిలా నలిగిపోయింది.

చెక్క లోపలంతా పుచ్చిపోయింది. పైన రంగు ఉండబట్టి సదానందానికి తెలియలేదు. దానికి పదిహేను హార్సులది బిగిస్తే వారం కూడా ఆగదు. ఒక్కసారి జోరు పెంచితే చాలు, చెక్క ఊడి ఇంజన్‌తో సహా నీళ్లలోకి పోతుంది. వెనక నుంచి నీళ్లు ఎక్కుతాయి. నడి చెరువులో తాటిచెట్టు లోతు.

కట్టయ్య వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని లేచాడు.

"పదిహేనుది కొనుక్కపో," అన్నాడు.

సదానందం ఆరేళ్ల తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "పాత పడవ. ఆగుతదా?"

"ఆగక ఏమైతది? ఎనిమిదిది పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే."

సదానందం పెద్ద ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నచ్చినట్టే ఉంది. కట్టయ్య అది గమనించాడు. ఇక్కడితో ఆగితే లాభం లేదనుకున్నాడు. ఎప్పుడూ లేనిది, సదానందం భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ మంచికే చెప్తాన, ఇను. పెద్దదే తీస్కో. వెనక చెక్కను మాత్రం ముట్టకు. ఇనుము లెక్కున్నది. ఇంకో పదేండ్లు దానికేం గాదు."

సదానందం ఆ చేతిని విసిరికొట్టాడు.

"నేనడగని చెక్క ముచ్చట నువ్వెందుకు తీసినవ్?"

సదానందం మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, పాత ఇంజన్ మరల్లో వేలు పెట్టాడు. తడి పొట్టు వేలికి అంటుకుంది. దాన్ని వెలుతురులో చూశాడు. చూస్తుండగానే మొహంలో రంగులు మారాయి.

"మమ్ముల ముంచుదామని చూస్తానవా?" లేచి నిలబడ్డాడు. "నువ్వు మనిషివేనా కట్టయ్యా? ఆ పడవల ఎవలు పోతరో ఎరుకుండే చెప్పినవా?"

"ఎరుకుండే చెప్పిన," అన్నాడు కట్టయ్య.

సదానందం అతని కాళ్ల ముందు తుపుక్కున ఉమ్మాడు. ఆ కేకలకు రమాకాంత్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సంగతంతా విన్నాడు. అసలు ఇంజనే కొననని సదానందం వెళ్లిపోతాడేమోనని భయపడ్డాడు గానీ, అతను ఎనిమిది హార్సులదే ఆటోలోకి ఎక్కించమన్నాడు. దారిలోనే టేకు చెక్క కొంటాననీ, అది బిగించాకే పడవను నీళ్లలో దించుతాననీ, కట్టయ్యకు వినపడేలా రెండుసార్లు చెప్పాడు.

ఆటో కదిలాక రమాకాంత్ తన వంతు తిట్లు అందుకున్నాడు. పగలుంటే ఊళ్లో చూసుకోవాలిగానీ తన దుకాణం పేరు చెప్పి మనుషుల్ని చంపిస్తావా అన్నాడు. పదమూడేళ్ల పని ఆ పూటతో సరి అన్నాడు. రేపటి నుంచి షెడ్డు ఛాయలకు రావద్దన్నాడు.

కట్టయ్య పానాలు కడిగి డబ్బాలో సర్దాడు. చొక్కా మార్చుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చి, ఆటో పోయిన దారి వైపు చూస్తూ, పొద్దుటి నుంచీ బిగబట్టినట్టున్న ఊపిరిని వదిలాడు.

సదానందం మోకాళ్లు చెడి పడవ ఎక్కడం మానేసి రెండేళ్లయింది. అతని కొడుకు ముందు నిలబడి వల వేస్తుంటే, ఇప్పుడా వెనక చెక్కకు ఆనుకుని కూర్చుని ఇంజన్ పిడి పట్టేది, ఆ కొడుకుతో లేచిపోయిందని ఆరేళ్లుగా కట్టయ్య గడప తొక్కనివ్వని కన్నకూతురు వినోద.