రుమాలు వేసిన సీటు

సంచీలో చీర, సర్టిఫికెట్ల కవరు సర్ది, చివరగా కృప లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు అందుకుంది. తల్లి సువార్తమ్మ దాన్ని చేతిలోంచి లాక్కుంది. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయల్దేరినా బైబిలు తెరిచి, కళ్లు మూసుకుని వేలు పెట్టి వాక్యం చూడటం ఆమె అలవాటు. ఇవాళ చేతికందింది ఇదే.

వేలి కింది మాటను కూడబలుక్కుంది. "ఫర్‌లార్న్. ఏందిది?"

"దిక్కులేని అని. ఇటియ్యి."

"దీని పుట్టుక గూడ రాసిన్రు గద. సదువు."

కృప గబగబా చదివింది. "పాత ఇంగ్లీషుల పూర్తిగా పోగొట్టుకున్నదని. డచ్చి భాషల దీనికో సుట్టమున్నది. కోట మీదికి అందరికంటె ముందుగాల పంపే దండుకు ఆ మాట పెట్టిన్రట. వాళ్లు తిరిగొస్తరని ఎవ్వరనుకోరు గన్క."

సువార్తమ్మ పుస్తకం మూసేసింది. "నువ్వు పోవద్దు."

"అమ్మా, హనుమకొండ కాలేజీల లెక్చరర్ ఇంటర్వ్యూ. నాలుగేండ్లకు పిలిచిన్రు. తొమ్మిదిన్నర బస్సు తప్పితే ఉద్యోగం పోయినట్టే."

గుమ్మంలో తండ్రి జ్ఞానయ్య చెప్పులు విడుస్తున్నాడు. "జర నీళ్లియ్యే. మూడంతస్తులెక్కంగనే ఆయాసమొస్తుంది."

సువార్తమ్మకు ఉపాయం తట్టింది. ఈయన్ని పంపిస్తే బిడ్డను ఎలాగైనా ఆపి బస్సు తప్పించవచ్చు. "నువ్వు ముందుగాల ఉప్పల్ వొయ్యి సీటు మీద రుమాలెయ్యి. మేం ఎనకొస్తం."

"ఇప్పుడే వస్తి గదనే."

"బిడ్డ మూడు గంటలు నిలవడి పోతదా?"

ఆయన నీళ్లు తాగి, నీలం గళ్ల రుమాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఆయన అటు వెళ్లగానే సంచీలో సర్టిఫికెట్లు మాయమయ్యాయి. కృప వాటిని బియ్యం డబ్బాలో పట్టుకుంది. "ఒక్క మాటకు భయపడి నా బతుకు ఆపుతవా?"

సువార్తమ్మ డబ్బా మూత పెట్టి చెప్పులు వేసుకుంది. ఆటో ఎక్కారు. నాచారం నుంచి ఉప్పల్ దాకా బిడ్డ చెయ్యి వదల్లేదు.

బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరు నవ్వుతూ పిలిచాడు. "జల్ది ఎక్కున్రి. మీ పెద్దాయన ఒక్కర్ని కూసోనియ్యలే. గిప్పుడు రుమాలు మీదనే కునుకు తీస్తున్నడు."

పొద్దుటి నుంచి మొదటిసారి సువార్తమ్మకు నవ్వొచ్చింది. "లేపు మీ నాయిన్ని."

కృప ఆ పూటే సంచీతో ఇంటికి తిరిగి వచ్చింది. ముందు వెళ్లిన జ్ఞానయ్య ఆ కునుకులోంచి తిరిగి రాలేదు. అది 2024 జూలై 11, గురువారం.